కుందేలు బామ్మ నడక

ఆ ఎండాకాలం మా ముందుగదిలోకి ఒక కొండ వచ్చింది.

వ్యానులోంచి ముక్కలు ముక్కలుగా దిగింది. అడుగుభాగాన్ని నలుగురు మోశారు. శిఖరాన్ని మాత్రం అక్క ఒక్కతే, పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని తెచ్చింది. వెనకాలే పెట్టెలు. ఒకదాంట్లో చెట్లు, ఒకదాంట్లో గోరంతేసి కిటికీలున్న ఇళ్లు, ఇంకోదాంట్లో మెత్తటి గుడ్డల్లో చుట్టిన కుందేళ్లు. నాన్న గుమ్మంలో అడ్డంగా నిలబడిపోయి, తప్పుకోవడం కూడా మర్చిపోయి చూస్తున్నాడు.

"ఎన్నాళ్లు?" అన్నాడు.

"ఎండలు తగ్గేదాకా నాన్నా. అంతే."

నాన్న కిటికీ దగ్గరున్న తన వాలుకుర్చీని తనే ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు.

అమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. నాన్న బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. బస్సు ఎక్కిన వాళ్లందరినీ పలకరించే మనిషి. అమ్మ పోయాక ఆయన మాటలు "తిన్నావా", "తలుపెయ్" దగ్గర ఆగిపోయాయి. అమ్మ ఊసు ఆయన ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తేదాన్ని కాదు. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరి దుఃఖానికి ఒకరం అడ్డం రాకుండా పక్కనించి నడుస్తూ ఉండేవాళ్లం.

అక్క తీసేది బొమ్మల్ని కదిలించి తీసే సినిమా. వాళ్లు షూటింగ్ చేసుకుంటున్న గోడౌను గోడలు బీటలు వారాయని అందరినీ ఖాళీ చేయించారు. అప్పటికి సినిమా చాలావరకు అయిపోయింది. మిగిలిందల్లా చివర కొండ ఎక్కే ఘట్టం. వేరే చోటు వెతికేలోగా నిర్మాత ఓపిక అయిపోయేలా ఉందని కొండను మా ఇంటికి తెచ్చేసింది.

కథ నాకు అన్నం తింటూ చెప్పింది. ఒక మేఘప్పిల్ల దారి తప్పి కిటికీలోంచి కుందేళ్ల ఇంట్లో దూరుతుంది. భయమేసినప్పుడల్లా పక్కల మీద వాన కురిపించేస్తుంది. తుమ్మితే వంటింట్లో మెరుపులు. చివరికి కుందేలు బామ్మ దాన్ని చంకనేసుకుని, కొండ మీద ఉన్న వాళ్లమ్మ దగ్గర దింపడానికి బయల్దేరుతుంది. కొండ మొదలు దాకా మనవరాలు తోడొస్తుంది. పైకి బామ్మ ఒక్కతే వెళ్లాలి.

"పిల్లలు పడీ పడీ నవ్వుతారు. మరి వాళ్లని తీసుకొచ్చిన పెద్దవాళ్లకేముంది?" అన్నాను.

అక్క చెయ్యి కంచంలోనే ఆగింది. "బామ్మ కొండ ఎక్కడం చూపిస్తాను. దిగడం చూపించను" అంది.

వంటింట్లో కుర్చీ కిర్రుమంది. నాన్న వింటున్నాడో లేదో తెలియలేదు.

మర్నాటి నుంచి ముందుగది మాది కాకుండా పోయింది. అక్కతోపాటు లైట్లు చూసే మనిషి ఒకడు వచ్చాడు. పడకూడని చోట పడిన నీడని వెతికి పట్టుకోవడం అతని పని. అందుకని అందరూ అతన్ని 'నీడ' అనే పిలుస్తారు. మనిషీ అంతే, గదిలో ఉన్నాడో లేడో తెలీదు. కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు, తలుపుకి నల్లతెర బిగించాడు. బయట ఎండ మారితే లోపల కొండమీద పొద్దు మారిపోతుందట. ఫ్యాను వేస్తే కుందేళ్ల బొచ్చు కదిలి, తెరమీద వాటికి దయ్యం పట్టినట్టు కనిపిస్తుందట. చెమటతో ముగ్గురం ఉడికిపోయేవాళ్లం. కుందేళ్లు మాత్రం హాయిగా ఉండేవి.

ఒక్కో కుందేలు జానెడుంటుంది. లోపల ఉక్కు ఎముకలు, కీళ్లు, పైన రబ్బరు, ఆ పైన బొచ్చు. అక్క దాని చెవిని వెంట్రుకవాసి కదిలిస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఫొటో తీస్తుంది. మళ్లీ వెంట్రుకవాసి, మళ్లీ ఫొటో. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుం విరిగేలా చేస్తే తెరమీద మూడు నాలుగు క్షణాల సినిమా వస్తుంది.

"నీకన్నా నత్త నయం కదే" అన్నాను.

"నత్తకి నిర్మాత లేదుగా" అంది అక్క.

నన్నూ అందులోకి లాగింది. నేను పళ్ల డాక్టర్లకి కట్టుడుపళ్లు తయారుచేసి ఇచ్చే ల్యాబులో పనిచేస్తాను. కుందేళ్లు మాట్లాడాలంటే ఒక్కో శబ్దానికి ఒక్కో నోరు కావాలి. 'ఆ' అనే నోరు, 'ఓ' అనే నోరు, పెదాలు కలిసే 'ప', 'మ'లకి మూసిన నోరు. ఒకటి ఊడదీసి ఇంకొకటి అతికించాలి. పాత నోళ్లు వ్యానులో ఎండకి వంకర్లు పోయాయి. నేను మైనంతో చెక్కి, అచ్చు తీసి, కొత్తవి చేసిచ్చాను. మా ల్యాబు యజమాని ఒకదాన్ని భూతద్దంలో చూసి, "ఈ పేషెంటు ఏం తింటాడమ్మా?" అన్నాడు.

"క్యారెట్లు సార్."

"అయితే ముందుపళ్లు ఇంకాస్త గట్టిగా చెయ్యి."

ఒక సాయంత్రం అక్క నన్ను మానిటర్ ముందు కూర్చోబెట్టింది. అరుగు మీద కూర్చున్న బామ్మ. ఆ రోజంతా ఆ బొమ్మ నా కళ్లముందే ఉంది. రాయిలా ఉంది. అది కదలడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. తెరమీద మాత్రం బామ్మ చెవి మెల్లగా ఎత్తింది. ఏదో విన్నట్టుంది. తర్వాత ఊపిరి తీసుకుంది. భుజాలు పైకి లేచి, కాస్త ఆగి, దిగాయి. ముసలివాళ్లు లేచే ముందు తీసుకునే ఊపిరి అది.

గబుక్కున వెనక్కి తిరిగి బల్లమీద బొమ్మను చూశాను. ఏమీ ఎరగనట్టు కూర్చునుంది.

"ప్రాణం పోశావే" అన్నాను.

"నేనేం పోశాను? జరిపాను, ఫొటో తీశాను. ఆ రెండు ఫొటోల మధ్య ఏం జరుగుతుందో ఇన్నేళ్లయినా నాకూ తెలీదు" అంది అక్క. ఆ మాట గొప్పకి అనలేదు. ఆమె కూడా నాలాగే తెరకేసి నోరు తెరుచుకుని చూస్తోంది.

చిక్కల్లా నడక దగ్గర వచ్చింది.

బామ్మ మేఘప్పిల్లని ఎత్తుకుని కొండ ఎక్కాలి. సినిమాకి ఆయువుపట్టు అదే. అక్క తీసింది. చూసుకుంది. చెరిపేసింది. మళ్లీ తీసింది. నన్ను నడిపించి వీడియో తీసుకుని, దాన్నిబట్టి చేసింది. నీడ చేత కర్ర పట్టించి నడిపించింది. ఏది చేసినా తాళం తిప్పి వదిలిన ఆటబొమ్మలా నడిచింది బామ్మ.

"ముసలితనం వచ్చింది. మనిషే రాలేదు" అంది అక్క, కొండ పక్కనే నేలమీద కూలబడి.

"నీకెవరు రావాలి?" అన్నాను.

అక్క నాకేసి చూసింది. చెప్పాల్సిన పని లేకుండానే అర్థమైంది.

అమ్మ నడక ఊళ్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడెప్పుడో తుంటి విరిగి సరిగ్గా అతుక్కోలేదు. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. దుప్పట్ల మూటలు మోసుకుంటూ ఆ నడకతోనే మెట్లెక్కేది. కానీ ఆ నడక ఎక్కడా లేదు. ఎవరైనా కెమెరా ఎత్తితే చాలు, అమ్మ ఉన్నచోటే ఆగిపోయేది. "నా కుంటినడక మీకెందుకే" అని కూర్చునేది. మా దగ్గరున్న ఫొటోలన్నిటిలో అమ్మ కూర్చునే ఉంది.

"కుడికాలు విసిరేసినట్టు వేసేది" అన్నాను.

"ఎడమకాలు. విసిరెయ్యడం కాదు, ఈడ్చేది."

"నేను ఇక్కడే ఉన్నానే, పోయేదాకా చూశాను. కుడికాలే."

"చిన్నప్పుడు నేనేగా ఆవిడ వెనకాల నడిచింది? ఎడమకాలే!"

నీడ మెల్లగా లైటు చాటుకి తప్పుకున్నాడు. మా అరుపులు ఎంతసేపు సాగాయో గాని, ఆ మధ్యలో నిర్మాత ఫోను చేసింది. మంచావిడే. అక్క మీద నమ్మకంతో చాలాకాలం ఓపిక పట్టింది. ఆ రోజు మాత్రం తేల్చి చెప్పేసింది. "ముసలి కుందేలు నడుస్తుంటే ఎవరు చూస్తారమ్మా? కొండ చూపించు, పైన మేఘం ఎగరడం చూపించు. మధ్యలో నడక తీసెయ్. ఈ ఎండలు తగ్గేసరికి నా దగ్గర ఉన్నదాంతోనే విడుదల చేస్తాను."

ఫోను పెట్టేశాక అక్క బామ్మ బొమ్మను పెట్టెలో పడుకోబెట్టడానికి గుడ్డ తీసింది.

అప్పుడు నల్లతెర పక్కకి జరిగింది. నాన్న. చేతిలో మంచినీళ్ల సీసా. కొండ వచ్చినప్పటినుంచి ఆయన ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు.

"గొంతులెండిపోయుంటాయి, తాగండి" అన్నాడు. సీసా నీడ చేతికిచ్చి, మానిటర్ మీద ఆగి ఉన్న బామ్మను చూశాడు. "అది ఆడించు" అన్నాడు అక్కతో.

అక్క ఆడించింది. నాన్న కళ్లు చిట్లించి చూశాడు.

"ఏం, ఇద్దరూ పట్టిన కుందేలుకి మూడే కాళ్లా?" అన్నాడు. "ఒకత్తి కుడి అంటుంది, ఒకత్తి ఎడమ అంటుంది. కాలు కాదు ముందు. ముందు చూపు."

మేం ఇద్దరం కదల్లేదు.

"అడుగు ఎక్కడ వెయ్యాలో అక్కడ చూసుకుంటుంది. అప్పుడు చెయ్యి తుంటి మీదకి వెళ్తుంది, నొప్పికి కాదు, దాన్ని బయల్దేరదీయడానికి. మొండి ఎద్దుని తట్టినట్టు. ఆ తర్వాత మంచికాలు పోతుంది. చెడ్డకాలు చుట్టూ తిరిగొచ్చి కలుస్తుంది. కలిసినప్పుడల్లా గడ్డం ఇంత పైకి లేస్తుంది. 'వచ్చావా' అన్నట్టు."

"నీకెలా తెలుసు నాన్నా అంత..." అన్నాను.

"పెళ్లికి ముందు నా బస్సుకే కదా వచ్చేది. రోజూ ఆలస్యమే. సైడు అద్దంలో మలుపు దగ్గర కనిపించేది. ఎక్కేదాకా బస్సు కదిలించకుండా చూసేవాణ్ని. కండక్టరు తిట్టేవాడు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చెప్తే వచ్చేది కాదులే. జరగండి."

మేం జరిగాం. నాన్న తలుపు దగ్గరికి వెళ్లి మా వైపు తిరిగాడు. నేలకేసి చూశాడు. చెయ్యి తుంటి మీదకి వెళ్లింది. నడిచాడు.

పొట్ట ఉన్న మనిషి, తెల్లమీసాల మనిషి, జీవితమంతా స్టీరింగు ముందు కూర్చుని భుజాలు వంగిన మనిషి. ఆయన ఆ గదిలో తలుపు నుంచి కొండ దాకా నడిచాడు, అమ్మ వచ్చింది. ఆ గడ్డం లేవడం నేను పూర్తిగా మర్చిపోయాను. అది లేచినప్పుడు పొద్దున్నే నన్ను లేపడానికి మంచం పక్కకి వచ్చేటంత దగ్గరగా అమ్మ వచ్చి నిలబడింది. నీడ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. అతను అమ్మని ఎన్నడూ చూడలేదు. అయినా ఎవరో వచ్చారని అతనికీ తెలిసింది.

అక్క ఏడవలేదు. గబుక్కున నేలమీద బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి నాన్న పాదాల్నే చూస్తోంది. చేతివేళ్లు గాల్లో కదులుతున్నాయి.

"నాన్నా" అంది. "ఇంకోసారి."

నాన్న వెనక్కి వెళ్లి మళ్లీ నడిచాడు.

ఆ రోజు ఎన్నిసార్లు నడిచాడో లెక్కలేదు. మర్నాడు వాలుకుర్చీ వంటింట్లోంచి కొండ పక్కకి వచ్చేసింది. బామ్మ ఒక అడుగు వెయ్యడానికి అక్కకి ఒక పూట పట్టేది. నాన్న కదలకుండా చూస్తూ కూర్చునేవాడు. ఫొటో తీసే ముందు అక్క చెయ్యెత్తితే ఊపిరి కూడా బిగబట్టేవాడు. "ఆ చెయ్యి అంతసేపు ఉంచదు, సిగ్గు దానికి, తీసేస్తుంది" అనేవాడు. "మేఘాన్ని ఆ చంకలో కాదు, ఈ చంకలో. ఆ పక్క బరువు మొయ్యలేదు." కుందేలు సంగతి చెబుతున్నట్టే చెప్పేవాడు. అలా కుందేలు పేరు మీద మా ఇంట్లోకి అమ్మ మాటలు రావడం మొదలయ్యాయి. అమ్మ దుప్పట్ల మూటతో ఆసుపత్రి మెట్ల మీద పడబోయి పెద్ద డాక్టరు చొక్కా పట్టుకుని వేలాడిన సంగతి, బస్సులో చిల్లర లేదని కండక్టరుతో పెట్టుకున్న తగువు, పెళ్లికి అడిగితే "కాలు చూసే అడుగుతున్నావా?" అని నిలదీసిన సంగతి. అన్నం దగ్గర ముగ్గురం, నీడతో కలిపి నలుగురం, పొలమారేలా నవ్వుకున్న పూటలున్నాయి.

ఒకరోజు తీసిన ఫొటోలన్నీ వరసగా ఆడిస్తే, బామ్మ వెనక ఇంత పెద్ద జంతువు ఒకటి మెరిసి మాయమైంది. అక్క కెవ్వుమంది. తీరా చూస్తే బల్లి. రెండు ఫొటోల మధ్య ఎప్పుడో కొండెక్కి దిగింది. "పోన్లే, తీసెయ్యకు" అన్నాడు నాన్న. "బల్లి కూడా ఆవిడకి తోడెళ్తుంది." అక్క ఒప్పుకోలేదు. ఆ ఫొటో మళ్లీ తీసింది.

ఎండలు వెనకపట్టు పట్టేసరికి బామ్మ శిఖరం దగ్గరికి వచ్చింది. ఆఖరి ఘట్టం. అక్క రాసుకున్నది ఇది: కింద నిలబడ్డ మనవరాలి వైపు బామ్మ వెనక్కి తిరిగి చూస్తుంది, చెయ్యి ఊపుతుంది, మబ్బులోకి వెళ్లిపోతుంది. కెమెరా కిందినుంచి, మనవరాలి వెనకనుంచి చూస్తుంది.

అక్క బామ్మ మెడ తిప్పబోతుంటే నాన్న, "తిరగదు" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"వెనక్కి తిరగదు. తిరిగితే వెళ్లలేదు."

అక్క చెయ్యి బొమ్మ మీదే ఉంది. "నిజమే. అమ్మ ఎప్పుడూ తిరిగేది కాదు" అంది నెమ్మదిగా. "నేను గేటు పట్టుకుని ఎంత ఏడ్చినా తిరిగేది కాదు. చెల్లినీ నన్నూ వదిలేసి డ్యూటీకి అలా వెళ్లిపోయేది. చివరికి ఇందులోనైనా ఒక్కసారి తిరిగి చూస్తుందని..."

"మలుపు దాటాక నా బస్సే ఎక్కేదమ్మా" అన్నాడు నాన్న. "ఎక్కి నా వెనక సీట్లో కూర్చునేది. మీకు వీపు కనబడేది. మొహం నాకు కనబడేది. ఆసుపత్రి వచ్చేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉండేది. దిగేటప్పుడు అడిగేది, 'పెద్దది ఇంకా గేటు దగ్గరే ఉండుంటుందా?' అని."

అక్క లేచి నల్లతెర పక్కకి తోసుకుని బయటికి వెళ్లిపోయింది. ఎండలో, గేటు దగ్గర, మాకు వీపు చూపిస్తూ నిలబడింది. నేను వెళ్దామని లేస్తే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

లోపలికి వచ్చాక కెమెరా స్టాండు విప్పింది. కింద ఉన్న కెమెరాని పైకి, శిఖరం అవతలికి మార్చింది. బామ్మ మొహానికి ఎదురుగా.

"లైట్లన్నీ మళ్లీ మొదట్నుంచి పెట్టాలి" అన్నాడు నీడ.

"పెట్టు" అంది అక్క. నాతో, "నాకొక నోరు కావాలే" అంది. "ఏ అక్షరానిదీ కాదు."

నాకు తెలిసింది. ల్యాబులో ఆ రోజు పళ్ల సెట్లన్నీ పక్కకి జరిపి ఆ నోరు చెక్కాను. గట్టిగా మూసిన పెదాలు, ఒక మూల కొంచెం వణకడానికి సిద్ధంగా. మైనం మీద అంత మెల్లగా నా చేతులు ఎప్పుడూ నడవలేదు.

నిర్మాత ఆ ఘట్టం చూసి అక్కకి ఫోను చెయ్యలేదు, మనిషే వచ్చేసింది. కొండను ముక్కలు చేస్తున్నాం అప్పటికి. నాన్న దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది. ఏం మాట్లాడాలో తోచక, "కాఫీ ఉందా అండీ?" అంది.

సినిమా విడుదలైన రోజు మేం పిల్లలతో కిక్కిరిసిన హాల్లో కూర్చున్నాం. మేఘప్పిల్ల పక్క తడిపినప్పుడల్లా హాలు దద్దరిల్లింది. పిల్లలు కుర్చీలెక్కి గెంతారు. వాళ్ల నాన్నలు వాళ్లకన్నా గట్టిగా నవ్వారు. ఆ తర్వాత కొండ వచ్చింది. బామ్మ నేలకేసి చూసింది. చెయ్యి తుంటి మీదకి వెళ్లింది. గడ్డం లేచింది.

కుర్చీలెక్కిన పిల్లలు కిందికి దిగి కూర్చున్నారు. జానెడు బొమ్మ గోడంత ఎత్తున, ప్రతి అడుగూ తిరిగొచ్చి కలుస్తూ, మా అందరి మీదుగా నడిచి వస్తోంది. అక్కా నాన్నా నేనూ ముగ్గురం వారాల తరబడి వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా చూసిన నడకే. అయినా అది మేం చేసినట్టు లేదు. ఎక్కడినుంచో తనంతట తాను వస్తోంది.

మా ముందు వరసలో ఒక చిన్నపిల్ల కుర్చీలో మోకాళ్ల మీద నిలబడింది. "అమ్మా, ఆ బామ్మకి కాలు నొప్పేమో" అంది, ఏడుపుగొంతుతో.

వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నాన్న ముందుకి వంగాడు.

"నొప్పేం లేదమ్మా" అన్నాడు. "ఆవిడ నడకే అంత."

పిల్ల వెనక్కి తిరిగి ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీకెలా తెలుసు?"

తెరమీద బామ్మ మొహం దగ్గరికొస్తోంది. పెదాలు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"తెలుసు" అన్నాడు నాన్న. "మా ఆవిడ."

పిల్ల కాసేపు ఆలోచించింది. నమ్మింది. తెర వైపు తిరిగి, వాళ్లమ్మ చెయ్యి లాగి, ఆ సంగతి చెవిలో చెప్పింది.